‘గుంపు’ అంటే ఆమె ఒప్పుకోలేదు

హోలీ అయిన మూడోనాడు, గురువారం, పగలు పదకొండున్నర గంటలకు వరంగల్ గంజులో ఒక మనిషిని కొట్టారు. టైము ఎట్లా తెలుసంటే, రైతుల సరుకు అమ్మిపెట్టే సేటు ఆడ్తి దుకాణం గోడ మీది గడియారం నాకు ఎదురుగానే ఉంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు గానీ ముళ్ళు చూసి టైము చెప్పడం వచ్చు.

డెబ్బైల చివరి సంగతి ఇది. అప్పుడు మిర్చి అంతా ఊరి నడుమ గంజులోనే అమ్ముడుపోయేది. నేను చాట కూలీని. బస్తాల నుంచి ఒలికిన మిర్చిని ఊడ్చి, చాటతో చెరిగి, మట్టీ తాలూ ఏరి మళ్ళీ కుప్ప పోయడం నా పని. నా తమ్ముడు అదే గంజులో హమాలీ. బస్తాలు మోసే ముఠాలో ఒకడు.

కొట్టించుకున్న మనిషిది గోవా. పచ్చళ్ళు పెట్టే కంపెనీ ఏదో పంపితే ఏటా మిర్చి కాలంలో వచ్చేవాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. తెలుగు రాదు, హిందీ కూడా తడుముకుంటూనే మాట్లాడేవాడు. మేమంతా గోవాయన అనేవాళ్ళం. కాయను విరిచి, గింజ చూసి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకొనేవాడు. నోరు భగ్గుమంటే తనే నవ్వేవాడు. పైన ఎండిన కాయ, అడుగున తడి కాయ వేసి బస్తా కుట్టే మాయ ఆయన ఎరుగును. అందుకని నెట్టులో అన్నిటికన్నా కింది బస్తా చూపించమనేవాడు. నెట్టు అంటే బస్తా మీద బస్తా వేసి మనిషికి రెండింతల ఎత్తు పేర్చిన వరుస. కింది బస్తా కావాలంటే పైవన్నీ దించాలి. పద్ధతి అదీ.

ఆ రోజు కూడా ఆయన కింది బస్తా వైపు వేలు చూపించాడు. ముఠాకు పెద్ద మేస్త్రి. అతని తమ్ముడు పైవి దించబోతుంటే సేటు గుమాస్తా అరుగు మీది నుంచి కసిరాడు.

“అన్ని దించుకుంట కూసుంటె పొద్దుగూకుతది. అడుగుది గుంజురా.”

“నెట్టు మీద పడ్తదే.”

“పడితె నేన్లేనా? గుంజు.”

అతను కొక్కెం వేసి గుంజాడు. నెట్టు మొత్తం ముందుకు వంగి అతని మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను చెవులారా విన్నాను. బస్తాలు పగిలి మిర్చి ఎగజిమ్మింది. ఒక్క క్షణం ఎవరికీ ఎవరూ కనబడలేదు. అందరం దగ్గుతున్నాం, తుమ్ముతున్నాం. ఆ దుమ్ములోంచి గుమాస్తా గొంతు వినబడింది.

“గోవాయన గుంజిండు. నేను వద్దన్న, ఇనలే.”

గోవాయనకు ఆ మాట అర్థం కాలేదు. ఆయన బస్తాల మీదికి వంగి, కింద ఉన్న మనిషిని బయటికి లాగబోతున్నాడు. తల మీద మొదటి దెబ్బ వెనుక నుంచి పడింది. ఇనుప కొక్కెం మడమతో కొట్టిన దెబ్బ. లేవబోతే కాళ్ళు పట్టి గుంజారు. పక్కటెముకల మీద కట్టె పడింది, మళ్ళీ అక్కడే పడింది. ముఖం మిర్చి కుప్పలో ఒత్తుకుపోయింది. ఆయన కళ్ళు తెరవలేక చేతులతో తడుముకుంటున్నాడు. కొట్టేవాళ్ళు కూడా దగ్గుతూ, ముక్కులు చీదుకుంటూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ కొట్టారు. దూరం నుంచి చూసినవాడు వీళ్ళంతా ఏడుస్తున్నారనుకొనేవాడు. చివరికి ఆయన చేయి ఆగిపోయింది. అప్పుడు కట్టె కూడా ఆగింది.

రిక్షాలో ఇద్దరినీ వేశారు. మేస్త్రి తమ్ముడు బతికాడు, తుంటి విరిగింది. గోవాయన దీపాలు పెట్టే వేళకు దవాఖానలో పోయాడు. గాయాల్లోంచి మిర్చి గింజలు ఏరి తీశారని అక్కడ ఊడ్చే ఆమె చెప్పింది.

ముఠా అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. హమాలీ పనిలో బస్తా ఒకడి భుజం మీది నుంచి జారినా జారవిడిచిన వాడెవడో చెప్పరు. ముఠా పడేసింది అంటారు. సేటు పట్టుకున్న కోత ముఠా మొత్తానికీ పడుతుంది. ముసలివాడు సగం మోసినా వయసువాడు రెట్టింపు మోసినా కూలి సమానమే. దానివల్ల బతికిన ముసలివాళ్ళున్నారు. మా నాయన అట్లాగే చివరి రోజులు వెళ్ళదీశాడు. ఆ పద్ధతిని నేను తప్పు పట్టను. కాకపోతే మేస్త్రి మనిషి ప్రాణాన్ని కూడా జారిన బస్తా లెక్కనే చూశాడు.

పోలీసులు వచ్చి ఎవరు కొట్టారని అడిగితే, “ముఠా కొట్టింది సార్” అన్నాడు.

“ముఠాల ఎవడు?”

“ముఠానే సార్.”

దవాఖానలో ఉన్నవాడు పోను పదకొండు మందినీ స్టేషనుకు తీసుకుపోయారు. అరికాళ్ళ మీద కొట్టి, ఎవడో తేలక వదిలేశారు. నా తమ్ముణ్ణీ కొట్టారు. వాడు ఆ గురువారం వరంగల్‌లోనే లేడు, నర్సంపేటలో అత్తగారింట్లో ఉన్నాడు. ఆ సంగతి కూడా వాడు చెప్పలేదు. ఇంటికి వచ్చి మోకాళ్ళ మీద పాకుతూ చాపెక్కాడు. “నువ్వు లేవని చెప్పొచ్చు గదరా” అంటే, “చెప్తె మిగిలినోళ్ళను దొరకబట్టిచ్చినట్టే గదనే అక్కా” అన్నాడు. కాళ్ళకు నూనె రాస్తూ తిట్టాను. నవ్వాడు. పిచ్చి నా కొడుకు.

వారం దాటాక గోవాయన తల్లి రైలు దిగింది. శవాన్ని అప్పటికే కాజీపేట దిక్కున ఉండే ఒక ముసలి ఫాదర్ పాతిపెట్టించాడు. ఆయన తెల్ల మనిషి. వయసులో ఉన్నప్పుడు గోవాలో, అక్కడ పోర్చుగీసు వాళ్ళ రాజ్యం ఉన్న రోజుల్లో, కొన్నేళ్ళు పని చేశాడట. ఆమెకు ఇంటి భాష కొంకణి, బడిలో చదివింది పోర్చుగీసు. ఇంగ్లీషు రాదు. ఫాదరుకు కొంకణి రాదు. అందుకని ఇద్దరూ పోర్చుగీసులో మాట్లాడుకున్నారు. ఆయనకు మన తెలుగు కూడా వచ్చు, పుస్తకంలో అచ్చేసినట్టు మాట్లాడేవాడు.

ఆమెను గంజుకు తీసుకొచ్చారు. పొట్టి మనిషి. నల్ల గౌను, నల్ల మేజోళ్ళు, నెరిసిన జుట్టు బిగించి ముడి. కొడుకు పడిపోయిన చోటు చూపించమంది. అక్కడ అప్పటికి వేరే వాళ్ళ మిర్చి కుప్ప పోసి ఉంది. పక్కనే చాట పట్టుకొని నేనున్నాను. సర్కిల్ ఇనస్పెక్టర్ టోపీ చంకలో పెట్టుకొని ఆమెకు మర్యాదగా ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందులో ఒక ముక్క పదే పదే వచ్చింది, అందుకే నాకు నోటికి వచ్చేసింది. ఎ గ్రూప్ ఆఫ్ పీపుల్.

ఫాదర్ ఆమె వైపు తిరిగి దాన్ని పోర్చుగీసులో చెప్పాడు. ఉమ్ గ్రూపు ద పెసోవాస్. నా చెవికి వినబడింది అట్లా.

ఆమె తల అడ్డంగా ఊపి ఏదో అడిగింది. ఫాదర్ ఇనస్పెక్టరుతో తెలుగులో అన్నాడు.

“వారి ఊళ్ళో ఆ మాట బడిపిల్లలు ఫోటో దిగితే అంటారట. కలిసి విహారానికి పోయినవాళ్ళను అంటారట. నా కొడుకును చంపినవాళ్ళను ఆ మాట ఎట్లా అంటారు అని అడుగుతున్నారు.”

“ఇంకో మాట చెప్పండి ఫాదర్. మీకు తెల్వదా?”

ఫాదర్ ఇంకో మాట చెప్పాడు. ఆమె మళ్ళీ వద్దంది.

“అది మన దగ్గర మంది అన్నట్టు. మంది అనుకున్నారు, మంది చూశారు, అంటాము గదా. వాన కురిసింది అన్నట్టు ఉంది అంటున్నారు. ఎవరూ చేయనట్టు.”

మూడో మాట కూడా చెప్పి చూశాడు. అది జాతరలో తోసుకునే జనానికి వాడే మాటట. దానికి ఆమె ఫాదర్ మీదే కోపం చేసింది. ముసలాయన ముఖం కందిపోయింది.

“ఏమంటది?” అన్నాడు ఇనస్పెక్టర్.

“ఆమె కోడలు ఇంటి దగ్గర గర్భంతో ఉన్నది. ఎవరు చంపారని ఆ పిల్ల అడుగుతుంది. మనుషులను చూసి వచ్చి చెప్తాను అని మాట ఇచ్చి వచ్చిందట. మనుషులను చూపించండి అంటున్నది. చూపించేదాకా పోదట.”

అన్నట్టే పోలేదు. ఫాదర్ ఇంట్లో పడుకొని, పొద్దున్నే రిక్షాలో గంజుకు వచ్చి, ఆడ్తి దుకాణం అరుగు మీద కూర్చునేది. ఎండ నెత్తి మీదికి వచ్చినా లేచేది కాదు. ఘాటుకు దగ్గేది. సేటు కుర్చీ వేయిస్తే కుర్చీ దూరం జరిపి నేల మీదే కూర్చుంది. గుమాస్తా లోపలి గదిలోంచి బయటికి రావడం మానేశాడు. బేరాలు పడిపోయాయి. మా చాట ఆడవాళ్ళలో ఒకామె మేస్త్రికి వినబడేటట్టు, “బస్తాలు మోసే భుజాలు గదా, ఆ ముసలామె చూపు మోస్తలేవు పాపం” అంది. మేస్త్రి ఉమ్మేసి పోయాడు గానీ ఆ మాట అతనికి నాటింది.

మర్నాడు ఇనస్పెక్టరునూ ఫాదరునూ పిలిపించాడు. ముఠా మొత్తం స్నానాలు చేసి, ఉతికిన తువ్వాళ్ళు భుజాన వేసుకొని, ఆమె ముందు వరుసగా నిలబడింది. దవాఖానలో ఉన్న మేస్త్రి తమ్ముడు తప్ప అందరూ ఉన్నారు. మేస్త్రి చేతులు కట్టుకున్నాడు.

“అయ్యా, ఆమెకు చెప్పుండ్రి. మా ముఠాల ఎవడు చేసిన అందరం చేసినట్టే. అందరం తప్పు ఒప్పుకుంటానం. ఆమె ఏ శిక్ష ఏస్తె అది అందరికి.”

అతను దొంగ మాటలు మాట్లాడలేదు. నాకు ఆ మనిషి తెలుసు. అంతకన్నా పెద్ద మాట హమాలీ నోట రాదు. ఏమీ చేయనివాళ్ళు కూడా తల వంచి నిలబడ్డారు. అది చూసి ఆమె కరుగుతుందనీ, ముఖం కప్పుకొని ఏడ్చి పోతుందనీ అతను అనుకున్నాడు. మా ఆడవాళ్ళయితే అట్లాగే పోయేవాళ్ళేమో.

ఫాదర్ చెప్పాడు. తోదుస్. అందరూ అని.

ఆమె ఆ మాటను తనలో తాను ఒకసారి అనుకుంది. లేచి, గౌను దులుపుకొని, మేస్త్రి ముందుకు వచ్చి చెంప మీద కొట్టింది. అతను కదలలేదు. రెండో మనిషిని కొట్టింది. వేలికి ఉంగరం ఉంది, అతని పెదవి చిట్లింది. మూడో మనిషి పొడుగు. అందకపోతే చొక్కా పట్టి కిందికి గుంజి కొట్టింది. ఒక్కొక్క దెబ్బకూ ఒక మాట అడుగుతోంది. ఫాదర్ ఆ మాటను తెలుగులోకి తేవడం మరిచిపోయాడు. తేవాల్సిన పని లేకపోయింది. నువ్వా, నువ్వా అని అడుగుతోందని పసిపిల్లకైనా తెలుస్తుంది. చేయి వాచినా ఆపలేదు. ఇనస్పెక్టర్ ఆపబోయి, తమాషా చూసినట్టు నిలబడిపోయాడు. గంజు మొత్తం చుట్టూ మూగింది.

నా తమ్ముడి వంతు వచ్చింది. ఒక దెబ్బ తిన్నాడు. ఆమె పక్కవాడి దగ్గరికి పోకుండా రెండో చెంప మీద కూడా కొట్టింది, ఎందుకో మరి. వాడి కళ్ళలోకి చూసి కొట్టింది. లాఠీలకు పలకనివాడు దానికి పలికాడు.

“అమ్మా, నన్ను కొట్టకు. నేను కొట్టలే. ఆ రోజు నేను ఊళ్ళనే లేను.”

“మూస్కో,” అన్నాడు మేస్త్రి.

“ఎందుకు మూసుకోవాలె? నర్సంపేటల ఉన్న నేను. అడుగుండ్రి ఎవలనన్న.”

“ముఠాల ఉన్నవా లేవా?”

“ముఠాల ఉన్న. కొట్టుడుల లేను.”

“అయితె ఎవడు కొట్టిండో నువ్వే చెప్తవా ఇగ?”

మేస్త్రి నడుముకున్న కొక్కెం తీయడం నేను చూశాను. ఆమెను తప్పించి నా తమ్ముడి మీదికి దూకాడు. కొక్కెం మొన భుజం కండలో దిగింది. బస్తాను లాగినట్టు ముందుకు లాగాడు. వాడు బోర్లా పడ్డాడు, కొక్కెంతో పాటు కండ చీలింది. రెండోసారి ఎత్తితే ముసలి హమాలీ ఒకతను చేయి అడ్డం పెట్టాడు, ఆ చేయీ తెగింది. ముఠా రెండుగా విడిపోయి ఒకరినొకరు తన్నుకున్నారు. కానిస్టేబుళ్ళు లాఠీలతో దొరికినవాణ్ణి దొరికినట్టు బాదారు. రక్తం మిర్చి కుప్ప కిందికి పారింది. ఆమె మాత్రం నా తమ్ముడి పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, తన మెడలోని నల్ల గుడ్డ తీసి వాడి భుజానికి అదిమి పట్టుకుంది.

నేను చాట కింద పడేసి ఫాదర్ చొక్కా పట్టుకున్నాను.

“అయ్యా, నేను చెప్త. గుంపు లేదు, మంది లేదు. మనుషులున్నరు. ఒక్కొక్కలను చెప్త, మీరు ఒక్కొక్కలను చెప్పుండ్రి.”

“చాటదానివి నీకేం ఎరుక? నడువ్,” అన్నాడు ఇనస్పెక్టర్.

“ఎదురుంగనే ఉన్న సార్. కండ్లు మండినయ్ గని మూసుకోలే.”

సేటు అరుగు మీది నుంచి నెమ్మదిగా అన్నాడు. “రేపటి సంది గంజుల పని అవసరం లేదా నీకు?”

“నా తమ్ముని భుజం పోయింది సేటూ. ఇంక పని సంగతి ఎందుకు?”

చెప్పాను. నేను ఒకరిని చెప్తే ఫాదర్ ఒకరిని చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. బావమరిదికి, బరువు తూచే మనిషికి, దుకాణం రాతలు రాసేవాడికి అన్నిటికీ ఆయన దగ్గర మాటలున్నాయి. ఆమె ప్రతి ఒక్కరినీ తన నోటితో మళ్ళీ అంది. అక్కడే ఉన్నవాళ్ళను నేను వేలు పెట్టి చూపిస్తే ముఖం చూసింది. అయిపోయాక మొదటి నుంచి చివరిదాకా తప్పు పోకుండా అప్పజెప్పింది. ఆ సాయంత్రం రైలెక్కింది. ఫాదర్ చేయి తప్ప ఎవరి చేయీ పట్టుకోలేదు. నా వైపు చూసింది గానీ ఏమీ అనలేదు.

మేస్త్రికీ ఇంకో ఇద్దరికీ జైలు పడింది. గుమాస్తాకు ఏమీ కాలేదు, హనుమకొండలో బట్టల దుకాణం పెట్టాడు. నా తమ్ముడు మళ్ళీ బస్తా ఎత్తలేదు. ఆ భుజంతో చాయ్ కెటిల్ కూడా ఎడమ చేతికి మార్చుకొని మోసేవాడు. నన్ను గంజులో ఎవరూ పనికి పిలవలేదు. కూరగాయల గంప ఎత్తుకొని హనుమకొండ వీధుల్లో తిరిగాను. అక్కడే రాత్రి బడిలో, నెత్తి నెరిసే వయసులో, అ ఆలు దిద్దాను. కోర్టులో వకీళ్ళు చివరిదాకా గుంపు, గుంపు అనే మాట్లాడారని ఫాదర్ చెప్పాడు. ఆయన కూడా పోయాడు. ఆమె బతికి ఉండే వయసు కాదు. ఆ కోడలి కడుపున పుట్టిన బిడ్డ ఎక్కడో ఉంటుంది, దానికి తెలుగు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. అయినా ఆ రోజు ఆమెకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మేస్త్రి, మొదటి దెబ్బ అతనిది. అతని బావమరిది, కట్టె అతని చేతిలో ఉంది, ఆయన కదలడం మానేదాకా ఉంది. మట్టెవాడ నుంచి వచ్చే పొడుగు హమాలీ, కాళ్ళు పట్టి గుంజాడు. ఇద్దరన్నదమ్ములు, పెద్దవాడు తన్నాడు, చిన్నవాడు అన్నను వెనక్కి లాగాడు. ఉబ్బసం ముసలాయన, వద్దురా వద్దురా అన్నాడు, దగ్గు తెర వచ్చి కూలబడ్డాడు. బొట్టు పెట్టుకునే హమాలీ, ఒక్కటే తన్ను తన్ని, చేతులు జోడించి పోయాడు. మిగిలిన ముగ్గురు హమాలీలు బస్తాలు తీస్తున్నారు, వీపు ఇటుంది. మేస్త్రి తమ్ముడు బస్తాల కిందే ఉన్నాడు. ఆ బస్తాలు తెచ్చిన రైతు, బండి మీది నుంచి దిగలేదు. తూకం వేసే దడవాయి, కాంటా పగులుతుందని దాన్ని పక్కకు జరిపాడు. గుమాస్తా, గుంజమన్నదీ అతనే, గోవాయన గుంజాడన్నదీ అతనే. సేటు, షట్టరు దించాడు. చాట ఆడవాళ్ళు ఇద్దరు, ఒకామె నీళ్ళకు ఉరికింది, ఒకామె కళ్ళు మూసుకుంది. గోవాయన. నేను.